గీసి వదిలేసిన బోర్డు

నేను బతికేది అక్షరాల మీద. ఆ మాట అనగానే చాలామంది నన్ను టీచరనో రచయితననో అనుకుని కుర్చీ వేస్తారు. సూర్యాపేటలో ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు, షాపు బోర్డులు డిజైన్ చేసే చిన్న దుకాణం నాదని తెలిశాక కుర్చీ వెనక్కి తీసుకోరు గానీ, టీ మాత్రం రాదు. ఊళ్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో వాళ్ల ఇంట్లోవాళ్ల కంటే ముందు నాకే తెలుస్తుంది. ఎవరైనా పోతే ఆ కబురు కూడా తొందరగానే నా కంప్యూటర్‌కు చేరుతుంది, "ఫొటో మంచిగ కనవడాలె, నవ్వుతున్నది వద్దు" అనే సూచనతో సహా.

ఈ పని చేసుకుంటూనే కొన్నేళ్లుగా సొంతంగా ఒక ఫాంటు గీస్తూ వచ్చాను. అందులో అక్షరానికి చుట్టూ గీత మాత్రమే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. గీత కూడా ఒకే మందం కాదు. మలుపు దగ్గర కొంచెం ఒళ్లు చేసి, కొస దగ్గర సన్నబడి, చివర చిన్న చుట్ట తిరుగుతుంది. సోకు కోసం పుట్టిన అక్షరాలు. పుస్తకాలకు, నోటీసులకు పనికిరావు. పెద్ద బోర్డు మీదనో, పేపరు మొదటి పేజీ నెత్తి మీదనో కూర్చుంటేనే వాటికి అందం.

"నీ అక్షరాలల్ల ఏమున్నది?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది.

"ఏం లేదు. లోపల ఖాళీ" అన్నాను గర్వంగా.

"నేను గూడ గదే అంటున్న" అంది.

అక్షరాలా నిజం.

నాకీ పిచ్చి మిర్యాలగూడలో అంటుకుంది. పెళ్లికి ముందు అక్కడ బియ్యం సంచుల మీద పేర్లు అచ్చువేసే చోట పనిచేశాను. ఎర్రగా, పచ్చగా, ఒత్తుగా అక్షరాలు నింపిన సంచులు గుట్టలుగా ఉండేవి. వాటి మధ్య ఒక మిల్లు సంచి మాత్రం వేరుగా ఉండేది. తెల్ల సంచి మీద పేరంతా సన్నటి ఆకుపచ్చ గీతతో మాత్రమే ఉండేది, అక్షరం కడుపులో సంచి తెలుపే కనిపించేది. బియ్యం ఎంత తెల్లగా ఉంటాయో సంచి విప్పకుండానే ఆ అక్షరాలు చెప్పినట్టనిపించేది. మా దగ్గర వాటిని డొల్ల అక్షరాలనేవాళ్లు. నేను ఆ డొల్లలో పడ్డాను, ఇంకా పైకి రాలేదు.

తెలుగు అక్షరానికి బయటి గీత గీయడం చెప్పినంత తేలిక కాదు. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. ఒక్కో చుట్టుకు లోపలొక గీత, బయటొక గీత వచ్చేసరికి జిలేబీ పక్కన జిలేబీ పెట్టినట్టవుతుంది. ఒత్తులు వచ్చాయంటే జిలేబీ కింద జిలేబీ. ఇక సున్న ఉందే, దానికి చుట్టూ గీత గీస్తే సున్నలో సున్న పడుతుంది. సంవత్సరాల తరబడి కూర్చుని నేను సాధించింది సున్న అని ఎవరైనా అంటే కాదనలేను, రెండు సున్నలు అని సరిదిద్దుతాను.

ఆ ఫాంటును తొందరపడి ఒక పెళ్లి కార్డు మీద వాడి చూశాను. చిన్న సైజులో గీతలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. పెళ్లికొడుకు తండ్రి కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏంది సారూ, మా పిల్లగాని పేరుకు దోమతెర కట్టినవ్?" అన్నాడు.

దోమతెర విప్పి మామూలు అక్షరాలు పెట్టి ఇచ్చాను. అప్పటినుంచి నా అక్షరాలకు తగినంత జాగా ఎక్కడ దొరుకుతుందా అని చూస్తూ ఉన్నాను. చివరికి కోదాడలో దొరికింది, మా చెల్లె దగ్గర.

మా చెల్లె మగ్గం పని చేస్తుంది. పెళ్లి జాకెట్ల మీద జరీతో, పూసలతో, అద్దాలతో పువ్వులు, తీగలు కుడుతుంది. నాలుగు కర్రల చట్రానికి బట్ట బిగించి, దాని మీదికి వంగి కూర్చోవాలి. ఆ చట్రం వాళ్లింట్లో హాలంతా ఆక్రమించి ఉండేది. మంచానికీ టీవీకీ మధ్య దాన్ని పరిచి, ఆ సందులో తను కూర్చునేది. గ్యాస్ బండ వచ్చినా తనే లేవాలి, చుట్టాలు వచ్చినా తనే లేవాలి, పక్కింటివాళ్ల తాళంచెవి ఇవ్వాలన్నా తనే లేవాలి.

"ఇంట్ల కూసోని చేస్తే పని చేసినట్టు కాదన్నా. ఖాళీగ ఉన్నట్టే లెక్క" అనేది.

ఆ మాట ఆమె నోట విని విని, చివరికి మా బావ ఒప్పుకున్నాడు. బావ మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడుపుతాడు. కోదాడ బస్టాండు వైపు పోయే రోడ్డు మీద, కొత్తగా కట్టిన బిల్డింగులో మొదటి అంతస్తు గది కిరాయికి మాట్లాడాడు. కింద ఒక మందుల షాపు, ఒక సెల్‌ఫోన్ల షాపు. రెంటికీ నడుమ సందులోంచి మెట్లు. ఒప్పుకుంటూనే ఒక మాట అన్నాడు.

"ఈ పెళ్లిళ్ల సీజన్ సూద్దాం. ఆర్డర్లు పడితే మంచిదే. పడకుంటే ఇగ మగ్గం మళ్ల ఇంట్లకే."

కోపంగా అని ఉంటే మా చెల్లె పోట్లాడేది. మెల్లగా, అన్నం కలుపుకుంటూ అన్నాడు. అలాంటి మాటకు ఎదురు చెప్పడం కష్టం.

"అన్నా, ఒక ఫ్లెక్సీ ఏసిస్తవా?" అని చెల్లె ఫోన్ చేసింది.

పొద్దస్తమానం ఊరందరికీ ఫ్లెక్సీలు అమ్మే నేను, సొంత చెల్లెకు మాత్రం ఫ్లెక్సీ వద్దన్నాను. ఎండకు వెలిసిపోతుంది, గాలికి చిరిగిపోతుంది, ఆరు నెలలకు దూడ నమిలినట్టవుతుంది అని నా సరుకును నేనే తిట్టాను. మెట్ల పైన గోడంతా నీదే కదా, దాని మీద చేత్తో రాయిద్దాం, నా అక్షరాలతో రాయిద్దాం అన్నాను.

"నీ అక్షరాలా?" అంది. ఆ ప్రశ్నలో ఉన్నది సంతోషమనే అనుకున్నాను.

మా మేనకోడలి పేరు పైన చిన్నగా, కింద "మగ్గం వర్క్స్" అని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా. అక్షరాలను అసలు సైజులో కాగితాల మీద ప్రింటు తీసి, అంటించి, చుట్ట చుట్టి కోదాడకు పట్టుకెళ్లాను. కాగితం మీద గీతను గోడ మీదికి దించడానికి గీత పొడుగునా సూదితో బెజ్జాలు పొడవాలి, తర్వాత రంగుపొడి గుడ్డతో అద్దాలి. ఆ బెజ్జాల పని మా చెల్లె నన్ను ముట్టుకోనివ్వలేదు. జాకెట్టు మీదికి డిజైను దించేటప్పుడు వాళ్లు చేసేదీ అదే. ట్రేసింగ్ కాగితం మీద గీత వెంట సూదితో పొడిచి, తెల్లపొడి కలిపిన కిరోసిన్ గుడ్డతో రుద్దితే బట్ట మీద చుక్కల గీత పడుతుంది. ఆ గీత మీద కుట్టుకుంటూ పోతారు. అన్నాచెల్లెళ్లం ఇన్నేళ్లుగా ఒకే పని చేస్తున్నామని ఆ రోజే తెలిసింది. తేడా ఒక్కటే. ఆమె గీత గీశాక అసలు పని మొదలుపెడుతుంది, నేను గీత గీశాక పని అయిపోయిందంటాను.

రాయడానికి సూర్యాపేట నుంచే ఒక పెయింటర్‌ను తీసుకెళ్లాను. ఒకప్పుడు ఆయన చేత్తో రాయని గోడ మా వైపు లేదు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు పని తగ్గింది. తగ్గించినవాళ్లలో నేనూ ఒకణ్ని. అయినా రోజూ నా దుకాణానికి వచ్చి టీ తాగుతాడు, అది నష్టపరిహారం కింద జమ. మీగడ రంగు గోడ మీద మెరూన్ గీతతో అక్షరాలన్నీ ఒక్క వణుకు లేకుండా దించాడు. నిచ్చెన దిగి, రోడ్డుకు అవతల నిలబడి చూసుకున్నాడు.

"జబర్దస్త్ గున్నది సార్. మరి మిగతాది?"

"మిగతాది ఏం లేదు. గంతే."

"గంతేనా?" అని నవ్వి, కుంచెలు తుడుచుకున్నాడు. "సరే సార్. ఎప్పుడంటే అప్పుడు ఫోన్ చెయ్యి" అని నిచ్చెనను మెట్ల పక్కన గోడకు ఆనించి, నాతోపాటే బస్సెక్కాడు. ఆ నిచ్చెన సంగతి నేను పట్టించుకోలేదు. నా కళ్లన్నీ అక్షరాల మీదే ఉన్నాయి.

షాపు తెరిచిన రోజు చుట్టాలందరూ వచ్చారు. మా చెల్లె వాళ్ల అత్తమ్మది కోదాడ అవతలి పల్లె, మాటలో ఆంధ్రా యాస కలుస్తుంది. ఆమె నడుమ్మీద చేతులు పెట్టుకుని బోర్డు వైపు చాలాసేపు చూసింది.

"ముగ్గు బాగానే పెట్టించావు నాయనా. రంగులెప్పుడేయిస్తావు?"

"రంగులు ఉండవు అత్తమ్మా. దీన్ని అవుట్‌లైన్ అంటరు. లోపల ఖాళీగ ఉండుడే దీని అందం."

"ఔటో, లైనో... మాకేం తెలుస్తదిలే. సదువుకున్నోళ్లు మీరు" అని ఇంకొకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. చదువుకున్నవాణ్ని అన్నందుకు నేను సంతోషపడ్డాను. మా ఇంట్లో ఎవరూ అనరు.

తర్వాత రెండుమూడుసార్లు వెళ్లాను. వెళ్లే ముందు ఫోన్ చేసి వెళ్లేవాణ్ని. షాపులో మా చెల్లె మగ్గం ముందు వంగి కూర్చుని ఉండేది, చేతిలో పని ఉండేది. అవి ఇంటి దగ్గరి పాత గల్లీవాళ్ల జాకెట్లేనని, కొత్తవాళ్లు ఎవరూ రావడం లేదని అప్పటికి నాకు తెలియదు. "నడుస్తున్నదా?" అంటే "ఆఁ, మెల్లగ నడుస్తున్నదన్నా" అనేది. కిందికి వచ్చి రోడ్డు అవతల నిలబడి బోర్డును ఫొటో తీసుకునేవాణ్ని. ఎన్ని ఫొటోలు తీశానో, ఎంతమందికి పంపానో చెప్పుకుంటే నాకే మొహమాటం. బావను అడిగితే మాత్రం "ఇంక సీజన్ ఉన్నది గద బావా, సూద్దాం" అన్నాడు. ఆ "సూద్దాం" నాకు సరిగా వినిపించలేదు.

ఒక మిల్లువాళ్లకు కొత్త సంచి డిజైన్ కావాలంటే ఒకరోజు మిర్యాలగూడ వెళ్లాను. పని పొద్దున్నే తెమిలిపోయింది. తిన్నగా సూర్యాపేట వెళ్లకుండా, చెల్లెను చూసి పోదామని కోదాడ బస్సెక్కాను. ఈసారి ఫోన్ చేయలేదు.

హుజూర్‌నగర్‌లో ఇద్దరు ఆడవాళ్లు ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. ఒకామె పెద్దది, ఇంకొకామె ఆమె కోడలులా ఉంది. ఒళ్లో ఒక కవరు, కవర్లోంచి పట్టుబట్ట అంచు కనిపిస్తోంది. పెళ్లి జాకెట్టు బట్ట అని నాకు అర్థమైంది. చెల్లె షాపు అడ్రసు చెబుదామా అని నోరు తెరిచేలోపే కోడలు మొదలుపెట్టింది.

"అత్తా, బస్టాండు కాడ కొత్త మగ్గం షాపు ఒకటి పెడుతున్నరు గద, గాడ అడుగుదామా?"

"అది ఇంక షురూ కాలేదే. మొన్న సూసిన గద. పేరు గీసి ఇడిసిపెట్టిన్రు. రంగులెయ్యలే."

"ఇంకా ఎయ్యలేదా? నెల కింద నేను వచ్చినప్పుడు గూడ గట్లనే ఉండె."

"పైసలు అయిపోయినయేమో పాపం. నిచ్చెన గూడ గాన్నే పెట్టి పోయిన్రు. ఎవలో నడిమిట్ల ఆపేసినట్టున్నరు."

బస్సు గుంతలో పడి లేచింది. దానితోపాటు పడిన నేను మాత్రం లేవలేదు.

మా వైపు గోడ మీద రాత ఎలా పుడుతుందో నాకు తెలియనిది కాదు. ముందు గీతలు గీస్తారు, ఆ తర్వాత తీరిగ్గా రంగు నింపుతారు. గోడకు ఉత్త గీతలు కనబడితే, పెయింటర్ అన్నానికి పోయాడనో, రేపు వస్తాడనో అర్థం. చిన్నప్పటినుంచి రోడ్డు మీద అందరూ చదువుకున్న భాష అది. ఆ భాషలో నా చెల్లె గోడ మీద నేను రాయించింది "మగ్గం వర్క్స్" కాదు, "ఇంకా కాలేదు, తర్వాత రండి" అని. షాపేమో మేడ మీద. కింది నుంచి తెరిచిన తలుపు కనబడదు, పని చేస్తున్న మనిషి కనబడదు. కనబడేది బోర్డొక్కటే. కొత్త బిల్డింగు కదా, పక్కన ఇంకా ఇసుక కుప్ప, పైన అక్కడక్కడా సున్నం వేయని గోడ. దానికి తోడు నిచ్చెన!

"ఆ షాపు తెరిచే ఉందమ్మా" అన్నాను.

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"నీకెట్ల ఎరుక?" అంది పెద్దామె.

"ఆ అక్షరాలు గీసింది నేనే."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వేనా? మరి జల్ది పూర్తి చెయ్యొద్దా అయ్యా? గింత బద్ధకమైతే ఎట్ల? షాపు పెట్టుకున్నోళ్ల నోట్ల మన్ను కొడ్తివి గద!"

సీట్లో వెనక్కి జారి కూర్చున్నాను. ఇంతకాలం నా ఫాంటు మీద ఎవరైనా ఒక విమర్శ రాస్తే బాగుండునని అనుకునేవాణ్ని. ఇంత క్లుప్తంగా, ఇంత సమగ్రంగా వస్తుందని మాత్రం అనుకోలేదు.

కోదాడలో దిగాక వాళ్లిద్దరినీ నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. మెట్ల దగ్గర నేనెప్పుడూ చూడనిది ఒకటి కనిపించింది. అట్టపెట్టె చింపి, నల్ల మార్కర్‌తో, లావుగా, నిండుగా రాసి మేకుకు వేలాడదీశారు: "షాపు తెరిచే ఉన్నది. పైకి రండి." చెల్లె చేతిరాత. పాపం, చివర్లో జాగా చాలక "రండి" కిందికి దిగిపోయింది.

"గిది గింత చిన్నగ, గా సందుల ఉంటే రోడ్డు మీదికి ఎవలకు కనవడ్తది?" అంది పెద్దామె, మెట్లెక్కుతూ.

మా చెల్లె ముందు నన్ను చూసి కంగారుపడింది. చూపు నా మీంచి మెట్ల వైపు పోయింది. నేను ఆ అట్టను చూశానా లేదా అని ఆమె దిగులు. తర్వాత వెనక ఉన్న ఇద్దరినీ, కవరునూ చూసి, మగ్గం ముందునుంచి గబుక్కున లేచింది. బట్ట పరిచి, కొలతలు రాసుకుని, డిజైన్లు చూపించి, మాట్లాడుకోవడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. నేను మూల స్టూలు మీద కూర్చున్నాను. 

వాళ్లు వెళ్లాక అడిగాను. "ఆ అట్ట ఎప్పట్నుంచి ఉన్నది?"

"ఏ అట్ట?"

"రండి అని కిందికి దిగి పిలుస్తున్నదే, ఆ అట్ట."

నవ్వాపుకోలేకపోయింది. ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది. "షాపు తెరిచిన వారం సంది ఉన్నది. నువ్వు వస్తనని ఫోన్ చేస్తె తీసి లోపల పెడుతున్న."

"ఎందుకు?"

"నువ్వు ఏండ్ల సంది గీసుకున్న అక్షరాలన్నా అవి. మంచిగ లేవు అని ఎట్ల చెప్పాలె? మంచిగనే ఉన్నయి. ఊకె... అందరు గట్ల అడుగుతున్నరు. మా అత్తమ్మ రోజు పొద్దుగాల లేసి గదే అడుగుతది. ఆయన ఏం అనడు. అనకపోవుడే భయమైతున్నది నాకు. మగ్గం ఇంట్లకు తేవాలె అంటడేమో అని." సూదిలోకి దారం ఎక్కిస్తూ, "గీతలు గీసి కుట్టకుండ ఇస్తె ఎవరన్న జాకెట్టు తీసుకుంటరా చెప్పు?" అంది.

తీసుకోరు. ఇన్నేళ్లుగా నేను ఆలోచించనిది అదే.

ఆశ్చర్యంగా, ఆ మాటకు నాకు బాధ కలగలేదు. బస్సులో పడినవాణ్ని ఇక్కడ లేచినట్టయింది. షాపు నడవకపోవడానికి కారణం మా చెల్లె చేతి పని కాదు, ఊళ్లో వాళ్ల మనసు కాదు, కాలం కాదు. కాస్త రంగు! రంగు లేకపోవడమంటే నా దగ్గర మందు ఉన్న జబ్బే కదా. సీజన్ ఇంకా మిగిలే ఉంది. అక్కడినుంచే పెయింటర్‌కు ఫోన్ చేశాను.

"నింపుదాం" అన్నాను.

"గంతే గద సార్! నీ ఫోన్ కోసమే సూస్తున్న ఇన్ని రోజుల్సంది. నిచ్చెన గూడ గాన్నే ఉంచిన."

అప్పుడర్థమైంది. ఆయన "గంతేనా" అని నవ్వింది నా గొప్ప ఆలోచనకు కాదు, ఆ రోజుకు పని గంతే అనుకుని. మిగిలిన పనికి వస్తానని నిచ్చెన ఉంచి వెళ్లాడు. తన సామాను వదిలివెళ్లడం కంటే నమ్మకమైన హామీ ఏముంటుంది?

ఆ రాత్రి నేను చెల్లె వాళ్లింట్లోనే ఉండిపోయాను. మర్నాడు ఆయన మెరూన్ రంగు డబ్బాతో దిగాడు. నిచ్చెన సరిచేసుకుని ఎక్కబోతుంటే మా చెల్లె ఆపింది.

"జర ఆగు కాకా. ఉత్త రంగు వద్దు. కింద నువ్వు రంగు కొట్టు, ఆరినంక మీద నేను పని చేస్త."

"ఏం పని బిడ్డా?"

"నా పని."

కాగితాలు తెచ్చి పరిచింది. ఒక్కో అక్షరం కడుపులో ఒక్కో రకం కుట్టు గీసి ఉంది. మ లో తీగ, గ్గ లో ముడుల కుట్టు, వ లో మామిడి పిందెలు, ఆ ర్క్స్ అనే గుంపులో అద్దాలు, పూసలు. అవి రాత్రికి రాత్రి గీసినవి కావని చూడగానే తెలిసింది. ఎప్పటినుంచో నా ఖాళీని చూస్తూ, మనసులోనే నింపుకుంటూ ఉండి ఉంటుంది.

డిజైనర్‌గా నా నాలుక చివరిదాకా ఒక ఉపన్యాసం వచ్చింది. అక్షరంలో ఇంత పని పెడితే దూరం నుంచి చదవలేరు, పువ్వుల మధ్య మ పోతుంది, ఇలా. రోడ్డు అవతలికి వెళ్లి ఒక టీ తాగాను. ఉపన్యాసం టీతోపాటు లోపలికి వెళ్లింది.

పెయింటర్ రంగు వేశాడు, చెల్లె ఆగమంటే సున్నను మాత్రం వదిలాడు. అది ఆరాక మా చెల్లె కొంగు దోపుకుని నిచ్చెన ఎక్కింది. "పడతావే అమ్మాయ్, నీకెందుకే ఆ ఎక్కడం!" అని వాళ్లత్తమ్మ కింద కేకలు వేస్తూనే, నిచ్చెన కాళ్లను రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. సన్న కుంచెతో, బంగారు రంగుతో, జాకెట్టు మీద ఎలా కుడుతుందో గోడ మీద అలాగే చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయింది. మందుల షాపుకు వచ్చినవాళ్లు ఆగి తల పైకెత్తారు. ఆటోవాళ్లు ఆగారు. సినిమా పోస్టరు అంటించేటప్పుడు కూడా అంతమంది ఆగరు.

"ఓ అక్కా, గది గోడ మీదనేనా, జాకెట్టు మీద గూడ వస్తదా?" అని కిందినుంచి ఎవరో అరిచారు.

"జాకెట్టు మీద ఇంక మంచిగ వస్తది. పైకి రా, సూపిస్త!" అని నిచ్చెన మీంచే జవాబిచ్చింది.

సున్న దగ్గరికి వచ్చేసరికి ఆగి నా వైపు చూసింది. "అన్నా, దీన్ని గిట్లనే ఉంచుదామా? ఒక్కటన్న నీది ఉండాలె గద."

"మళ్ల అందరు అడుగుతరేమో" అన్నాను. అప్పటికి నాకు బాగా భయం పట్టుకుని ఉంది.

పెయింటర్ కింద కుంచెలు కడుక్కుంటూ తల ఎత్తలేదు. "సున్న గద సార్. అది ఖాళీగ ఉంటె ఎవలు అడుగుతరు?"

నిచ్చెన ఆ సాయంత్రమే ఆయనతోపాటు సూర్యాపేట వెళ్లిపోయింది. అట్ట కూడా మేకు మీంచి దిగింది. నేను దాన్ని తెచ్చి నా దుకాణంలో పెట్టుకున్నాను. ఎంత లావుగా, ఎంత వంకరగా ఉన్నా, మనుషుల్ని లోపలికి పిలిచిన అక్షరాలవి.

ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్ నడుమ ఉన్నాం. మొన్న వెళ్లేసరికి మెట్లమీద చెప్పులు విడిచే జాగా లేదు. వచ్చినవాళ్లు డిజైన్ల పేర్లు చెప్పడం లేదు, కింద బోర్డు వైపు వేలు చూపించి అడుగుతున్నారు. ఒకామె చేతులకు గ్గ డిజైన్ కావాలంటోంది. ఇంకొకామెకు వీపు మీద వ లో ఉన్న మామిడి పిందెలు కావాలి. మా మేనకోడలు ఇంకా అక్షరాలు నేర్చుకుంటోంది గానీ, ఏ అక్షరానికి ఎన్నాళ్లు పడుతుందో గడగడా చెప్పేస్తోంది. నా ఫాంటును ఇంత శ్రద్ధగా ఎవరూ చదవలేదు.

బావ లారీ పక్కన పెట్టి, కొత్త మగ్గం కర్రలు భుజాన వేసుకుని మెట్లెక్కుతూ ఎదురొచ్చాడు. పనికి ఇంకొకామెను పెట్టుకున్నారట.

"ఇంట్లకు కాదు గద బావా, ఆ మగ్గం?" అన్నాను.

"ఇంట్ల జాగేడున్నది బావా? ఇప్పుడిప్పుడే హాల్ల కాళ్లు సాపుకొని టీవీ సూస్తున్న. నన్ను సూడనియ్యవా?" అని కర్రలతో నన్ను పక్కకు నెట్టుకుంటూ పైకి వెళ్లాడు.

చెల్లె తలెత్తకుండానే, "అన్నా, ఇగ నుంచి ఫోన్ చేసి రా. కూసోని మాట్లాడ తీరుతలేదు" అంది. ఫోన్ చేసి వస్తే ఇప్పుడు దాచాల్సింది ఏమీ లేదు. కాస్త ఖాళీ చేసుకోవాలట, అంతే. ఆమె నోట ఖాళీ అన్న మాట ఆ అర్థంలో వినడం నాకదే మొదటిసారి.

సూర్యాపేట బస్సెక్కి కిటికీలోంచి చూశాను. మెరూన్‌లో బంగారు చుక్కలు మెరుస్తూ అక్షరాలన్నీ నిండుగా ఉన్నాయి. వాటి మధ్య సున్న ఒక్కటే, గీతలో గీతగా, మీగడ రంగు గోడను కడుపులో పెట్టుకుని తెల్లగా ఉంది. నా వెనక సీట్లో ఎవరో బోర్డు చూసి, వచ్చేవారం ఇక్కడికే వద్దామని మాట్లాడుకుంటున్నారు. చెవులు రిక్కించి విన్నాను. సున్న ఎందుకు ఖాళీగా ఉందని ఎవరూ అడగలేదు. బస్సు కదిలింది. నేను సీటుకు ఆనుకుని, హాయిగా కళ్లు మూసుకున్నాను.